యుబిక్విటస్ అంటే ‘ఉంది’ కాదు, ‘ఉంటుంది’: ఒక కరపత్రం కథ

2021 మే మూడో వారం. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా కర్ఫ్యూ. నేను విజయవాడలో ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేస్తున్నాను. నా పని ఎక్కువగా ఆరోగ్యానికి సంబంధించిందే: రోగుల సమాచార పత్రాలు, మందుల వాడకం సూచనలు, కరపత్రాలు. ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. బ్లాక్ ఫంగస్ మీద రెండు పేజీల కరపత్రం ఇంగ్లీషులో సిద్ధంగా ఉంది, రాత్రికల్లా తెలుగు కావాలన్నారు.

ఆ రోజుల టెన్షన్ గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కరోనా తగ్గి ఇంటికొచ్చినవాళ్లకు కన్ను వాస్తోంది, ముఖం మొద్దుబారుతోంది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఈ రోగులకు ప్రధాన కేంద్రంగా పెట్టారు. మే 20న తెలంగాణ ప్రభుత్వం ఈ జబ్బు కేసులన్నీ తప్పనిసరిగా తెలియజేయాలని ఆదేశించింది. మిగతా రాష్ట్రాలనూ అలాగే చేయమని కేంద్రం కోరింది. ఈ జబ్బుకు వాడే యాంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్ కోసం జనం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారు. ఇలాంటప్పుడు ఇంటింటికీ వెళ్లే కాగితంలో ఒక్క మాట అటూ ఇటూ అయినా నష్టమే.

రెండో పేరాలో ఈ వాక్యం ఉంది: ‘మ్యూకోర్‌మైసీట్స్ ఆర్ యుబిక్విటస్ ఇన్ ది ఎన్విరాన్‌మెంట్.’ మ్యూకోర్‌మైసీట్స్ అంటే ఈ జబ్బు తెచ్చే బూజు జాతి. ఆ వాక్యానికి నేను రాసిన తెలుగు ఇది:

‘మ్యూకోర్‌మైసీట్ శిలీంధ్రాలు వాతావరణంలో అంతటా వ్యాపించి ఉన్నాయి.’

నిఘంటువు తీస్తే తప్పు కనిపించదు. యుబిక్విటస్‌కి ‘అంతటా ఉండే, సర్వవ్యాపకమైన’ అని అర్థం ఇస్తారు. నేనూ అదే రాశానన్న ధీమాతో ముందుకెళ్లిపోయాను.

కింది వాటాలో విన్నది

పని ఎంత తొందరదైనా, పంపేముందు ఒక్కరికైనా చదివించడం నా అలవాటు. ఆ రోజు చదివింది కింది వాటాలో ఉండే మా పెద్దమ్మ. ఆవిడ ఈ కరపత్రానికి సరైన పాఠకురాలు. పదిహేనేళ్లుగా షుగరు. ఏప్రిల్‌లో కరోనా వచ్చి తగ్గింది, స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడింది. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది.

గుమ్మం ఇవతల నిలబడి ప్రింటు ఇచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని మొదటి పేరా గబగబా చదివేసింది. రెండో పేరా దగ్గర వేలు ఆగిపోయింది. ‘వ్యాపించి’ అన్న మాట కింద వేలు పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

“ఏరా, నిన్నటిదాకా ఆసుపత్రుల్లోనే ఉందన్నారు కదా, ఇప్పుడు గాల్లోకి కూడా వచ్చేసిందా?”

నేను జవాబు వెతుక్కునేలోపే లేచి వెళ్లి వంటింటి కిటికీ మూసేసింది. మే నెల, బెజవాడ ఎండ, లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అయినా మూసేసింది. ఆవిడ తప్పుగా ఏమీ చదవలేదు. నేను రాసింది రాసినట్టే చదివింది.

అక్కడే అరుగు మీద కూర్చుని వాక్యాన్ని విప్పి చూశాను. ఆరు మాటల వాక్యంలో నాలుగు చోట్ల జారిపోయాను. ఇంగ్లీషు వాక్యం చెప్పింది ఇది: ఈ జాతి బూజు ఎప్పటినుంచో మన చుట్టూ ఉన్నదే, దాన్ని తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు, అది ఉండటం వార్త కాదు. అది భయం తగ్గించడానికి రాసిన వాక్యం. నా తెలుగు దాన్ని భయం పెంచే వాక్యంగా మార్చింది.

ఎక్కడెక్కడ జారింది

ముందు ‘వాతావరణం’. ఎన్విరాన్‌మెంట్ అనగానే చెయ్యి దానంతటదే ఈ మాట రాసేస్తుంది. కానీ మామూలు పాఠకుడికి వాతావరణం అంటే గాలి, వాన, ఎండ. టీవీలో చివర చెప్పేది వాతావరణం. పెద్దమ్మ ‘గాల్లోకి’ అన్నది ఆ మాట వల్లే. పర్యావరణం అని రాసినా ఇక్కడ పెద్దగా లాభం లేదు, అది చెట్లు నరకడం, కాలుష్యం గురించి మాట్లాడేటప్పటి మాటైపోయింది. ఇంగ్లీషులో ఆ మాట వెనక ఉన్నవి మట్టి, ఆకులు, ఎరువు. వాటి పేర్లే చెప్పేస్తే సరిపోతుంది.

తర్వాత ‘వ్యాపించి’. సంస్కృతంలో, తత్త్వం చెప్పేటప్పుడు, వ్యాప్తి అంటే నిండి ఉండటం. అందులో కదలిక లేదు. మన రోజువారీ తెలుగులో మాత్రం మంటలు వ్యాపిస్తాయి, పుకార్లు వ్యాపిస్తాయి, వ్యాధులు వ్యాపిస్తాయి. అంటే ఒకచోట మొదలై ఇంకోచోటికి వెళ్లడం. యుబిక్విటస్‌లో ఆ ప్రయాణం లేదు. అది ఎక్కణ్నుంచీ రాలేదు, ఎక్కడికీ పోవడం లేదు. ఇంగ్లీషులో వ్యాపించడానికి స్ప్రెడ్ అనే మాట వేరే ఉంది. పర్వేసివ్ అనే ఇంకో మాట కూడా ఉంది, అది వాసనలా, అవినీతిలా సందుల్లోకి పాకి పట్టేసిన దానికి వాడతారు. కరపత్రం రాసినవాళ్లు ఆ రెండూ వాడలేదు, కావాలనే యుబిక్విటస్ అన్నారు.

మూడోది నాకు అన్నిటికంటే ఆలస్యంగా కనిపించింది, అన్నిటికంటే ముఖ్యమైంది కూడా. ‘ఉన్నాయి’. ఇంగ్లీషు ‘ఆర్’కి తెలుగులో రెండు రూపాలున్నాయి. ‘పెరట్లో పాములున్నాయి’ అంటే పిల్లల్ని లోపలికి పిలుస్తాం. ‘పెరట్లో పాములుంటాయి’ అంటే చెప్పులు వేసుకుని, లైటు తీసుకుని వెళ్తాం. మొదటిది ఇప్పటి సంగతి, రెండోది ఎప్పుడూ ఉండే సంగతి. శాస్త్రం యుబిక్విటస్ అన్నప్పుడు చెప్పేది ఎప్పుడూ రెండోదే. ‘ఉన్నాయి’ అనగానే అది ఈ వారం వార్త అయిపోయింది. నిఘంటువు మనకు మాటకు మాట ఇస్తుంది గానీ, ఈ క్రియారూపం ఎంచుకోవడం ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే.

ఇక నాలుగోది, వాక్యంలో అసలు దేని గురించి మాట్లాడుతున్నాం అన్నది. నేను శిలీంధ్రాలు అని రాశాను. పెద్దమ్మ దాన్ని ‘బ్లాక్ ఫంగస్’ అని చదువుకుంది, ఎవరైనా అలాగే చదువుకుంటారు. తెలుగులో ‘ఫలానా ఆయనకి ఫంగస్ వచ్చింది’ అంటాం. అంటే జబ్బుకూ, జబ్బు తెచ్చే జీవికీ ఒకటే పేరు. అంతటా ఉండేది జీవి, జబ్బు చాలా అరుదు. ఆ నలుపు కూడా బూజు రంగు కాదు, రక్తం అందక చచ్చిపోయిన కండ నల్లబడటం వల్ల ఆ పేరు వచ్చింది. రెండిటికీ ఒకే పేరు పెట్టి ‘అంతటా’ అన్నామా, ఊరంతా జబ్బే అన్నట్టు వినిపిస్తుంది.

పాత మాటల దగ్గర వెతికాను

ఆ సాయంత్రం వేరే మాట కోసం చాలాసేపు తడుముకున్నాను. దారిలో దొరికినవి చెప్పుకోవాలి, ఎందుకంటే నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు కూడా మొదట ఈ మాటల దగ్గరికే వెళ్తారు.

యుబిక్విటస్ మూలం లాటిన్. యుబి అంటే ఎక్కడ, యుబిక్వే అంటే అంతటా. ఐరోపాలో 16వ శతాబ్దంలో క్రీస్తు దేహం ఒకేసారి అన్నిచోట్లా ఉండగలదా అని లూథరన్ వేదాంతులు పెద్ద వాదన చేశారు. యుబిక్విటీ అనే నామవాచకం ఇంగ్లీషులోకి వచ్చింది ఆ దారిలోనే, విశేషణం తర్వాత వచ్చింది. అంటే పుట్టినప్పుడు ఇదీ దేవుడి మాటే. కాలం గడిచేకొద్దీ బజార్లోకి దిగింది. ఇప్పుడు ఇంగ్లీషువాడు దేవుడికి ఆమ్నిప్రెజెంట్ అంటాడు, సెల్‌ఫోనుకీ కాఫీ కొట్టుకీ యుబిక్విటస్ అంటాడు.

మన మాటలు అలా కిందికి దిగలేదు. సర్వాంతర్యామి అనగానే చేతులు జోడించాలనిపిస్తుంది. పైగా దానికి ‘అంతటా ఉండేవాడు’ అనేది అసలు అర్థం కూడా కాదు. బృహదారణ్యకోపనిషత్తులో అంతర్యామి అంటే నేలలో ఉండి, నేలకు తెలియకుండా, లోపలినుంచి దాన్ని నడిపించేవాడు. అందులో ఉండటం కంటే నడిపించడమే ముఖ్యం. ‘ప్లాస్టిక్ సర్వాంతర్యామి అయిపోయింది’ అని పేపర్లో చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కొందరు దాన్ని చమత్కారం అనుకుంటారు. ఆరోగ్య కరపత్రంలో మాత్రం ఆ మాటకు చోటు లేదు.

పోతన ప్రహ్లాదుడు ‘ఇందు గలడందు లేడని సందేహము వలదు’ అన్నాడు. ఆ పద్యంలో నన్ను ఆపింది ‘గలడు’. ఆ పాత క్రియకు నిన్న, నేడు, రేపు అనే తేడా లేదు, ఉండటం ఒక్కటే ఉంది. నాకు ఆ రోజు కావాల్సింది సరిగ్గా అదే. కానీ ‘బూజు కలదు’ అని రాస్తే అద్దె ఇంటి బోర్డులా ఉంటుంది. దాని పని ఇప్పుడు ‘ఉంటుంది’ చేస్తోంది.

ఇక వాడుక మాటలు. ఈ విషయంలో తెలుగుకు కరువు లేదు. ఎక్కడ చూసినా, ఏ మూల చూసినా, అడుగడుగునా, ఊరూరా, ఇంటింటా, సందుసందునా. మాటను రెండుసార్లు అనేసి ‘అంతటా’ తెప్పించుకోవడం మన భాషకు చాలా సహజం. అయితే ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంది. ‘ఎక్కడ చూసినా’ కంటికి కనపడేవాటికి సరిపోతుంది, ఈ బూజు పొడి కంటికి కనపడదు. ‘అడుగడుగునా’ అంటే దారికి అడ్డం వచ్చేవి గుర్తొస్తాయి: గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, తనిఖీలు. ‘ఎక్కడపడితే అక్కడ’ అంటే ఎవరో నిర్లక్ష్యంగా పడేశారన్న కోపం ఉంటుంది. ‘ఇంటింటా’ అంటే ప్రతి ఇంట్లో రోగి ఉన్నట్టు. ‘సర్వసాధారణం’ దాదాపు సరిపోయింది, కదలిక లేదు, భయం లేదు. కానీ జబ్బే సర్వసాధారణం అని చదివేస్తారన్న అనుమానంతో వదిలేశాను.

ఒక విషయం మాత్రం తేలింది. యుబిక్విటస్ అనే మాట ఎంత ఉందో చెప్పదు, ఎక్కడైనా ఉంటుందని మాత్రమే చెబుతుంది. దీనికి మంచి ఉదాహరణ జీవశాస్త్రంలో ఉంది. 1975లో గిడియన్ గోల్డ్‌స్టీన్ బృందం 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ ఒకటి కనుక్కుంది. ఏ జీవకణంలో చూసినా ఇది ఉండేలా ఉందని అనుకున్నారు, అందుకే దానికి యుబిక్విటిన్ అనే పేరొచ్చింది. కణంలో పాడైన ప్రొటీన్లకు గుర్తు పెట్టి తీసేయించడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆ పనిని వివరించినందుకు చిఖనోవర్, హెర్ష్‌కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మనుషుల్లో, మొక్కల్లో, ఈస్ట్‌లో అంతటా ఉన్న ఆ ప్రొటీన్ బాక్టీరియాలో మాత్రం లేదని తర్వాత తేలింది. అయినా పేరు మార్చలేదు. శాస్త్రంలో ఈ మాట వాడేటప్పుడు లెక్కకు ఒక్కటి కూడా తప్పకూడదనే పట్టింపు ఉండదు, ‘మామూలుగా ఎక్కడ వెతికినా దొరుకుతుంది’ అన్నంత వరకే.

కంప్యూటర్లవాళ్లు వాడే యుబిక్విటస్ కంప్యూటింగ్ కూడా ఇలాంటిదే. 1980ల చివర జెరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో మార్క్ వైజర్ ఈ మాట తెచ్చాడు, 1991లో సైంటిఫిక్ అమెరికన్‌లో దాన్ని వివరించాడు. రాత మన చుట్టూ బోర్డుల మీద, మిఠాయి కాగితాల మీద ఎలా ఉంటుందో, మనం దాన్ని ప్రత్యేకంగా గమనించకుండానే ఎలా చదివేస్తామో, కంప్యూటరు కూడా అలా కలిసిపోవాలని ఆయన ఆలోచన. అంటే అక్కడ కూడా అంతటా ఉండటమంటే విశేషంగా తోచకపోవడమే. నా కరపత్రంలో పోయింది సరిగ్గా ఆ ‘విశేషం కాదు’ అన్న భాగం.

మార్చిన వాక్యం

రాత్రి ఎనిమిదింటికి ఇలా తేలింది:

‘ఈ జాతి బూజు కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పశువుల ఎరువులో, పుచ్చిన చెక్కలో ఎప్పుడూ ఉంటుంది. దాని నుంచి రాలే సన్నటి పొడి మనందరికీ తగులుతూనే ఉంటుంది, కంటికి కనపడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలుగా దీనివల్ల జబ్బు రాదు.’

ఒక్క వాక్యం నాలుగైంది. సంస్థ తరఫున చూసే డాక్టరు గారు ఫోన్‌లో రెండు అభ్యంతరాలు చెప్పారు. “మా వాక్యం ఇంత పొడుగు లేదండీ” అన్నది మొదటిది. మట్టి, ఆకులు, ఎరువు ఇంగ్లీషులో తర్వాతి పేరాలో ఉన్నవే, నేను కల్పించినవి కావు, వాటిని ముందుకు తెచ్చానంతే అని చూపించాను, ఒప్పుకున్నారు. రెండోది గట్టి అభ్యంతరం. “ఎప్పుడూ ఉంటుంది, ఏమీ చేయదు అని చదివి, షుగరు ఉన్నవాళ్లు కూడా ధీమాగా ఉండిపోతే?”

ఆయన భయం న్యాయమైందే. భయపెట్టే వాక్యాన్ని సరిచేస్తూ నేను ఇంకో వైపుకి ఒరిగిపోయాను. షుగరు అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లు జాగ్రత్తగా ఉండాలన్న మాట ఇంగ్లీషులో రెండో పేజీలో ఉంది. దాన్ని ఇదే పేరా చివరికి తెచ్చాం. దాని పక్కనే ‘ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు’ అన్నది పెట్టాం. యుబిక్విటస్‌ని తెలుగులో చెప్పాలంటే, ఎవరికి అది పట్టించుకోనక్కర్లేని విషయమో, ఎవరికి పట్టించుకోవాల్సిన విషయమో కూడా అక్కడికక్కడే చెప్పాలని నాకు ఆ ఫోన్‌లో అర్థమైంది. డాక్టరు గారు అడ్డుపడకపోతే నేను సగం పని చేసి పంపేసేవాణ్ని.

రెండోసారి పెద్దమ్మకు చదివిస్తే ఇంకో తప్పు బయటపడింది. “అయితే రేపు చీపురు తీసుకుని బూజులు దులిపేస్తాను” అంది. తెలుగులో బూజు అంటే సాలెగూడు కూడా కదా! ‘బ్రెడ్డు మీద పట్టే బూజు లాంటిది’ అని ఒక ముక్క కలిపాం. బ్రెడ్డు మీద కనిపించే రైజోపస్ అనే బూజు ఈ కుటుంబంలోదే కాబట్టి పోలిక సరైనదే.

ఇంగ్లీషులో వాడేటప్పుడు

మాట అర్థం గురించి ఇంత చెప్పాక వాడుక గురించి రెండు ముక్కలు. ఇవి నా దగ్గరికి వచ్చే పిల్లలు రోజూ తడబడే చోట్లు. పలికేటప్పుడు ‘బిక్’ మీద ఒత్తు, యు-బిక్-విటస్. మొదటి అక్షరం రాతలో అచ్చే అయినా, పలికేది ‘య’ కాబట్టి ముందు ‘ఎ’ రావాలి, ‘యాన్’ కాదు. ‘యుబిక్విటస్ ఎవ్రీవేర్’ అంటే ‘అంతటా అంతటా’ అన్నట్టు, రెండోది తీసేయాలి. వెరీ తగిలించకపోతేనే బాగుంటుంది.

నామవాచకం ముందు ‘ది యుబిక్విటస్’ అని వచ్చినప్పుడు స్వరం మారుతుంది. ‘ది యుబిక్విటస్ ఆటో’ అని ఎవరైనా రాస్తే, అందులో చూసి చూసి అలవాటైపోయిన చనువు ఉంటుంది, ఒక్కోసారి కాస్త విసుగు కూడా. దానికి ‘ఎటు చూసినా కనిపించే ఆటో’ అంటే హాయిగా సరిపోతుంది. అక్కడ నాలుగు వాక్యాలు అక్కర్లేదు. కంటికి కనపడేదా కాదా, మంచిదా చెడ్డదా, వార్తా కాదా అన్నది చూసుకుని మాట ఎంచుకోవాలి.

ఆ తర్వాత

కరపత్రం మర్నాడు అచ్చుకు వెళ్లింది. ఎంతమందికి చేరిందో లెక్క నా దగ్గర లేదు, నాకు తెలిసింది ఒక్క పాఠకురాలి సంగతే. ఆఖరి ప్రతి చదివాక పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. “మట్టిలో ఉంటుందన్నావుగా. మరి నా బంతి కుండీలు గుల్ల చేసేటప్పుడు ముక్కుకి ఏమైనా కట్టుకోవాలా?”

మట్టి పని, ఎరువు పని చేసేటప్పుడు చేతులకు గ్లౌజులు, ఒళ్లంతా కప్పే బట్టలు, దుమ్ము ఉన్నచోట మాస్కు వాడమని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన సలహా రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నేను డాక్టరు గారికి మళ్లీ ఫోన్ చేశాను. అచ్చుకు వెళ్లేలోపు ఆ సలహా కూడా మొదటి పేజీకి, ‘ఎప్పుడూ ఉంటుంది’ అన్న వాక్యం కిందికి వచ్చింది.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కోసం దిగాను. పెద్దమ్మ మాస్కు పెట్టుకుని, చేతులకు పాల కవర్లు తొడుక్కుని కుండీల దగ్గర కూర్చుని ఉంది. వెనక వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది.